దిబ్బలో కనిపించేది ఆల్చిప్ప, బతికించింది చేప: డెన్మార్క్ తీరపు ఎర్టెబోలె కేస్ స్టడీ

పురావస్తు తవ్వకాల్లో బయటపడే జంతువుల ఎముకల్ని, చిప్పల్ని గుర్తించి లెక్కకట్టడం నా పని. తీరప్రాంతపు సైట్లలో పనికి కొత్తగా వచ్చేవాళ్ళకి నేను మొదట చదివించే కేసు ఇది. అడిగే ప్రశ్న చాలా చిన్నది. ఏడు వేల ఏళ్ళ కిందట, వ్యవసాయం ఎరగకుండా, ఉత్తర యూరప్ సముద్రతీరంలో తరతరాలుగా నిలదొక్కుకున్న మనుషులు ఏం తిని బతికారు? ఈ ప్రశ్న మీద 1848 నుంచి ఈ మధ్య 2024 దాకా పని జరుగుతూనే ఉంది. ప్రతి తరమూ అంతకుముందు తరం చూడని ఒక సాక్ష్యాన్ని పట్టుకుంది. కంటికి ఎక్కువగా కనబడేదే ఎక్కువగా తిన్నారని అనుకోకూడదని ఈ కేసు నేర్పినంత గట్టిగా నాకు మరేదీ నేర్పలేదు.

స్థలం, కాలం

మధ్యశిలాయుగపు చివరి దశలో, అంటే సుమారు క్రీ.పూ. 5400 నుంచి 3950 వరకు, డెన్మార్క్, దక్షిణ స్వీడన్, ఉత్తర జర్మనీ తీరాల వెంట ఉన్న సంస్కృతిని ఎర్టెబోలె సంస్కృతి అంటారు. డెన్మార్క్ ద్వీపకల్పమైన జట్లండ్ ఉత్తర భాగంలో, లిమ్‌ఫియోర్డ్ అనే సముద్రపు పాయ ఒడ్డున ఉన్న ఒక ఊరి పేరది. అక్కడి చిప్పల దిబ్బ పొడవు దాదాపు 140 మీటర్లు, వెడల్పు 20 మీటర్ల దాకా, మందం కొన్నిచోట్ల 2 మీటర్లకు దగ్గరగా ఉంటుంది. అందులో ఎక్కువ భాగం ఆల్చిప్పలే. వాటి మధ్య కాకిల్, మస్సెల్, పెరివింకిల్ గుల్లలు, చెకుముకి రాళ్ళ ముక్కలు, బూడిద, కుండ పెంకులు, ఎముకలు ఉంటాయి.

మంచుయుగం ముగిశాక మంచు కరిగి సముద్రం పైకి వచ్చింది. ఇప్పటి బాల్టిక్ ప్రాంతంలోకి ఉప్పునీరు బాగా చొరబడింది. ఆనాటి నీళ్ళు ఇప్పటికన్నా ఉప్పగా, కాస్త వెచ్చగా ఉండటంతో లోతు తక్కువ పాయల్లో ఆల్చిప్పలు విపరీతంగా పెరిగాయి. ఇంకో సంగతి కూడా ఉంది. మంచు బరువు తొలగిపోయాక ఉత్తరాన నేల పైకి లేచింది, దక్షిణ డెన్మార్క్‌లో మాత్రం కుంగింది. అందుకే ఉత్తర జట్లండ్‌లోని ఆనాటి ఒడ్డు ఇవాళ పొడి నేల మీద కనిపిస్తుంది. దక్షిణాన ఫ్యూన్, లోలండ్ దీవుల దగ్గరి ఊళ్ళు నీళ్ళలో మునిగి ఉన్నాయి. సాక్ష్యం రెండు రకాలుగా చేతికి రావడానికి కారణం ఇదే. ఉత్తరాన చిప్పల్లోని సున్నం ఎముకల్ని కాపాడింది. దక్షిణాన గాలి సోకని బురద చెక్కని, నారని, తాడుని కూడా కాపాడింది. ఒకదాన్ని చూసి రెండోదాన్ని వదిలేస్తే ఈ కేసు సగంలో ఆగిపోతుంది.

దిబ్బ సముద్రం పోసిందా, మనిషి పోశాడా?

మొదట్లో ఈ దిబ్బలు అలలు తెచ్చి వేసినవే అనుకున్నారు. 1848లో డెన్మార్క్‌లో ముగ్గురితో ఒక కమిషన్ ఏర్పడింది. జంతుశాస్త్రవేత్త యపేటస్ స్టీన్‌స్ట్రుప్, పురావస్తు శాస్త్రవేత్త వోర్సో, భూగర్భ శాస్త్రవేత్త ఫోర్క్‌హామర్ అందులో సభ్యులు. ముగ్గురు మూడు శాస్త్రాలవాళ్ళు కావడం నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. 1850ల తొలినాళ్ళలో మేల్‌గార్డ్ దగ్గర రోడ్డుకి కంకరలా వేయడానికి చిప్పలు తవ్వుతుంటే పనిముట్లు బయటపడ్డాయి. మన కోస్తాలో గుల్లల మేటలు సున్నం బట్టీలకు పోయినట్టే అక్కడా చాలా దిబ్బలు అలా పోయాయి. మేల్‌గార్డ్ దిబ్బని చూసిన వోర్సో ఇది మనుషులు తిని పారేసిన చోటని తేల్చాడు. అలలు తెచ్చినదైతే అన్ని సైజుల చిప్పలూ కలగలిసి ఉండాలి. ఇక్కడ తినడానికి పనికొచ్చే పెద్ద చిప్పలే ఉన్నాయి, మధ్యలో పొయ్యిల ఆనవాళ్ళున్నాయి. అలా వంటింటి కుప్ప అనే అర్థం వచ్చే డేనిష్ మాట ప్రపంచమంతటా పురావస్తు పదమైంది.

స్టీన్‌స్ట్రుప్ చేసిన ఒక పనిని మాత్రం నేను ప్రత్యేకంగా చెబుతాను. దిబ్బలో దొరికిన పక్షి ఎముకల్లో పొడవైన ఎముకల నడిమి గొట్టాలే ఎక్కువగా ఉన్నాయి, చివళ్ళు లేవు. ఎందుకని? ఆయన కుక్కలకి పక్షుల్ని వేసి, అవి ఏ ఎముకల్ని నమిలి మింగేస్తున్నాయో, ఏవి వదిలేస్తున్నాయో చూశాడు. మెత్తటి చివళ్ళు కుక్కల కడుపులోకి పోయాయి, గట్టి గొట్టాలు మిగిలాయి. దిబ్బలో ఉన్న పద్ధతి కూడా అదే. అంటే ఈ మనుషుల దగ్గర కుక్కలున్నాయి. వాళ్ళు పెంచిన జంతువు అదొక్కటే. ఇందులోనే ఇంకో హెచ్చరిక కూడా ఉంది. మన చేతికి వచ్చే ఎముకలు మనిషి తిన్నవాటిలో కుక్క వదిలినవి మాత్రమే. పారేసిన ఎముక మన చేతికి వచ్చేలోపు ఏమేం జరుగుతుందో చదివే, ఇవాళ మేం ట్యాఫోనమీ అని పిలిచే శాఖకి ఇంతకన్నా చక్కని ఆరంభం ఉండదనుకుంటాను.

1893 నుంచి 1897 వరకు జాతీయ మ్యూజియం తరఫున రెండో కమిషన్ ఎర్టెబోలె దిబ్బని పద్ధతిగా తవ్వింది. గళ్ళుగా విడదీసి, పొరలుగా దించి, ఏది ఎక్కడ దొరికిందో రాసుకుంటూ పని చేశారు. ఆ రోజుల్లో అంత శ్రద్ధ అరుదు. ఎర్ర జింక, రో జింక, అడవిపంది, సీల్, హంసలు, బాతులు, 19వ శతాబ్దంలో అంతరించిపోయిన గ్రేట్ ఆక్ అనే ఎగరలేని సముద్రపు పక్షి, ఇలా డెన్మార్క్ దిబ్బల నుంచి వచ్చిన జాబితా పెద్దదే. అయినా జనం మనసులో మిగిలిన బొమ్మ మాత్రం గుల్లలు ఏరుకుని తినే నిరుపేద తీరవాసులది. దిబ్బంతా చిప్పలే కనిపిస్తుంటే అలా అనుకోవడం సహజం.

కుప్పని క్యాలరీల్లోకి మార్చి చూస్తే

ఇక్కడ కాస్త లెక్క చేద్దాం. దిబ్బ కొలతలు పెద్దవైపుకే తీసుకుని, సగటు మందం ఒక మీటరు అనుకుంటే 2,800 ఘనపు మీటర్లు. ఆ దిబ్బ పేరుకోవడానికి పట్టిన కాలం దాదాపు 800 ఏళ్ళు. భాగిస్తే ఏడాదికి మూడున్నర ఘనపు మీటర్లు. అంటే ఊరంతా కలిసి ఏడాది పొడవునా తిని పారేసినది ఒక ట్రాక్టర్ లోడు కంటే కాస్త ఎక్కువ, అంతే. అందులోనూ బూడిద, రాళ్ళు, చిప్పల మధ్య ఖాళీ జాగా కలిసే ఉన్నాయి.

చిప్ప బరువెక్కువ, లోపలి మాంసం చాలా తక్కువ. బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త జెఫ్ బెయిలీ 1970ల చివర్లో వేసిన లెక్క ప్రకారం ఒక్క ఎర్ర జింక ఇచ్చే శక్తికి సమానం కావాలంటే 50 వేలకు పైగా ఆల్చిప్పలు తినాలి. జింకని వేటాడితే దిబ్బలో పడేది కొన్ని ఎముకలు, అందులో కొన్ని కుక్కల పాలు. 50 వేల ఆల్చిప్పల చిప్పలు మాత్రం ఏడు వేల ఏళ్ళయినా చెక్కుచెదరకుండా ఉంటాయి. కంటికి ఆనేదానికి, కడుపు నింపినదానికి మధ్య ఉన్న తేడా ఇంత.

మరి ఆల్చిప్పలు లెక్కలోకి రావా అంటే, వస్తాయి. చిప్ప మూతి కీలు దగ్గర కోసి మైక్రోస్కోప్ కింద పెడితే చెట్టు వలయాల్లా పెరుగుదల గీతలు కనిపిస్తాయి. చివరి గీతని బట్టి ఏ కాలంలో ఏరారో చెప్పొచ్చు. డేనిష్ దిబ్బల ఆల్చిప్పల మీద నిక్కీ మిల్నర్ చేసిన పనిలో అవి ఎక్కువగా వసంతకాలంలో ఏరినవని తేలింది. చలికాలం చివర్లో, నిల్వ తిండి అడుగంటి, జంతువులు బక్కచిక్కి ఉండే రోజులవి. ఆ కొన్ని వారాలు ఆల్చిప్ప ఆదుకుంది. ఏడాది లెక్కలో చిన్న పద్దు కావచ్చు, ఆ నెలల్లో మాత్రం అది లేకపోతే ఇబ్బందే.

జల్లెడ మార్చాక

1979లో సోరెన్ అండర్సన్ ఎర్టెబోలెలో మళ్ళీ తవ్వకం మొదలుపెట్టాడు. 1984 దాకా సాగింది. ఈసారి మట్టిని సన్నటి జల్లెడల్లో జల్లించారు. జల్లెడలో మిగిలిన చేప ఎముకల్ని ఇంగె బోడ్కర్ ఎంగోఫ్ గుర్తించింది.

ఈ పని చేతులతో చేసేవాళ్ళకే దాని బరువు తెలుస్తుంది. జల్లెడ అడుగున మిగిలిన పొడిని ఆరబెట్టి, తెల్లటి ట్రేలో పలచగా పరిచి, లెన్స్ కింద పట్టకారుతో ఒక్కో ముక్కనీ ఏరాలి. ముందు కనిపించేవి చిప్పల పెచ్చులు. కాసేపటికి కన్ను అలవాటు పడితే చిన్న చిన్న డమరుకాల్లా నడుం సన్నగా, రెండు వైపులా గిన్నెలా ఉండే వెన్నుపూసలు తేలతాయి. ఈల్, అంటే మన మలుగు జాతి చేప, దాని వెన్నుపూస కాస్త పొడవుగా ఉంటుంది. కాడ్ అనే సముద్రపు చేపది గట్టిగా, గుండ్రంగా ఉంటుంది. మంచినీటి కార్ప్ కుటుంబపు చేపలైతే గొంతులో ఉండే దంతాల ఎముకని బట్టి తేలిగ్గా పట్టేయొచ్చు. వీటిలో చాలావరకు నాలుగైదు మిల్లీమీటర్లకు మించవు. పారతో తవ్వి చేత్తో ఏరే పద్ధతిలో ఇవి కంటబడవు. మట్టి కుప్పలోకి పోతాయి, జాబితాలో చేప అనే గడి దాదాపు ఖాళీగా మిగులుతుంది.

ఎర్టెబోలె ఫలితం అందరినీ ఆశ్చర్యపరిచింది. ఉప్పునీటి ఒడ్డున, అంత పెద్ద ఆల్చిప్పల దిబ్బ పక్కన, దొరికిన చేపల్లో ఎక్కువ భాగం రోచ్ వంటి మంచినీటి చేపలు. తర్వాతి స్థానం ఈల్‌ది. ఆ ఊరివాళ్ళు సముద్రం పక్కనే ఉండి దగ్గర్లోని మంచినీళ్ళలో కూడా గట్టిగా చేపలు పట్టారన్నమాట. కొంచెం దూరంలో, అదే లిమ్‌ఫియోర్డ్ మీద ఉన్న బియోర్న్స్‌హోమ్ దిబ్బలో ఈల్‌దే పైచేయి. సంస్కృతి ఒకటే, కాలం ఒకటే, ఏ ఊరి నీళ్ళు ఆ ఊరివి. ఎర్టెబోలె వాళ్ళు ఇది తిన్నారు అని ఒక్క మాటలో చెప్పేవాళ్ళని నేను ఏ ఊళ్ళో అని అడుగుతాను.

ఇంకొకటి గమనించాలి. ఈ చేపలు రకరకాల జాతులవి, చిన్నా పెద్దా అన్నీ ఉన్నాయి. గాలంతో పట్టేవాడు పెద్ద చేప కోసం చూస్తాడు. ఏది వస్తే అది పట్టుకునేది దడి. నీళ్ళలో కర్రల దడి కట్టి, చివర బుట్ట లాంటి మావు పెడితే అలా దొరుకుతాయి. ఎముకలు సూచించింది ఇదే. అయితే కర్రల దడి ఉత్తరాది పొడి దిబ్బల్లో మిగలదు. దానికోసం నీళ్ళలోకి దిగాల్సి వచ్చింది.

టుబ్రిన్ వీగ్ బురదలో

ఫ్యూన్ దీవి పడమటి తీరంలో, ఒడ్డుకి దాదాపు 250 మీటర్ల దూరాన, రెండు మూడు మీటర్ల లోతులో టుబ్రిన్ వీగ్ అనే మునిగిన ఊరు ఉంది. 1978 నుంచి 1987 వరకు అండర్సన్ ఆధ్వర్యంలో, ఔత్సాహిక డైవర్ల సాయంతో అక్కడ తవ్వారు. సముద్రగర్భ పురావస్తు శాస్త్రం అప్పటికి ఇంకా తప్పటడుగులు వేస్తోంది. ఆ బురద నుంచి వచ్చినవి చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

లిండెన్ చెట్టు మానుని తొలిచి చేసిన పడవలు దొరికాయి. పెద్దదాని పొడవు తొమ్మిదిన్నర మీటర్లు, వెడల్పు సుమారు 65 సెంటీమీటర్లు. వెనక భాగంలో మట్టి పరిచి దాని మీద నిప్పు రాజేసిన గుర్తు ఉంది. చలికి కావచ్చు, రాత్రిపూట వెలుతురుకి ఈల్‌ని రప్పించడానికి కావచ్చు. యాష్ కలపతో చేసిన తెడ్లు గుండె ఆకారంలో ఉన్నాయి. వాటిలో కొన్నింటి మీద చెక్కిన గీతల్లో గోధుమరంగు నింపారు. నీళ్ళలో మునిగి తేలే తెడ్డుకి అంత అందం ఎందుకని అడగబుద్ధి కాదు. వాళ్ళకి ఆ తెడ్డు అంత ముఖ్యం. ఎముకతో చేసిన గాలాల్లో ఒకదానికి దారం ముడి ఇంకా ఉంది. చేపల్ని పొడిచే బరిసె కొనలున్నాయి. మావులు, దడి కర్రలు ఉన్నాయి. పొడవుగా, తిన్నగా పెరిగిన హేజెల్ కొమ్మల్ని ఏరి వాడారు. ఇలాంటి దడుల భాగాలు డెన్మార్క్ దీవుల మధ్య గ్రేట్ బెల్ట్ జలసంధి మీద వంతెన కట్టేముందు హాల్స్‌కోవ్ దగ్గర జరిగిన తవ్వకాల్లో కూడా దొరికాయి. ఎంగోఫ్ చేప ఎముకల నుంచి ఊహించింది ఇక్కడ వస్తువుగా చేతికొచ్చింది.

కుండ లోపల అంటుకున్న మాడు ఇంకో నిధి. క్రీ.పూ. 4700 ప్రాంతం నుంచి ఈ జనం అడుగు మొనదేలిన కుండలు చేశారు. వ్యవసాయం లేకుండానే కుండ వచ్చింది. టుబ్రిన్ వీగ్ కుండ పెంకుల మాడులో కాడ్ చేప పొలుసులు, ముళ్ళు, వాటితోపాటు గడ్డి జాతి మొక్కల ఆనవాళ్ళు కనిపించాయి. డెన్మార్క్, ఉత్తర జర్మనీల్లోని ఇతర సైట్ల కుండ మాడుల మీద 2013లో వచ్చిన అధ్యయనంలో గార్లిక్ మస్టర్డ్ అనే మొక్క గింజల సూక్ష్మ అవశేషాలు బయటపడ్డాయి. ఆవాల కుటుంబపు మొక్క అది, ఘాటు తప్ప పోషణ పెద్దగా లేని గింజ. అంటే రుచి కోసం వేశారు. చేపల పులుసులో ఆవపిండి కలిపే ఇళ్ళ నుంచి వచ్చిన మనకి ఈ సంగతి వేరే విడమరిచి చెప్పక్కర్లేదు.

మొక్కల తిండి గురించి ఈ కేసులో ఎప్పుడూ తక్కువే మాట్లాడతారు, దొరికేది తక్కువ కాబట్టి. టుబ్రిన్ వీగ్‌లో హేజెల్ కాయల పెంకులు, ఓక్ కాయలు, బీట్‌రూట్ పూర్వజాతి అయిన సముద్రతీరపు బీట్ దుంప అవశేషాలు గుర్తించారు. దుంప మెత్తనిది, ఉడికితే కరిగిపోతుంది. అది కనిపించిందంటేనే అదృష్టం. కనిపించకుండా పోయింది ఎంతో.

ఎముకలన్నీ కూటి కోసం కావు

జంతువుల ఎముకల జాబితా చేతిలో పెట్టుకుని అన్నీ తిండి కింద రాసేయడం మా వృత్తిలో తరచూ జరిగే పని. టుబ్రిన్ వీగ్‌లో పైన్ మార్టెన్ అనే పిల్లంత బొచ్చు జంతువు, అడవిపిల్లి, నీటికుక్క ఎముకలు చాలా ఉన్నాయి. వాటి మీద కోతగాట్లు మూతి చుట్టూ, పాదాల దగ్గర ఉన్నాయి. మాంసం కోసేవాడు తొడ దగ్గర, కీళ్ళ దగ్గర కోస్తాడు. మూతి దగ్గర కోసేది తోలు ఊడదీసేవాడు. వీటిని బొచ్చు కోసం పట్టారన్నమాట. జట్లండ్ లోపలి సరస్సు ఒడ్డున ఉన్న రింగ్‌క్లోస్టర్‌లో కూడా మార్టెన్ల వేట జోరుగా సాగింది. సముద్రానికి దూరంగా ఉన్న ఆ చోట సముద్రపు చేపల ఎముకలు, డాల్ఫిన్ ఎముకలు కూడా దొరకడం వల్ల తీరం నుంచే మనుషులు అక్కడికి వచ్చిపోయేవాళ్ళని తెలుస్తోంది. లిమ్‌ఫియోర్డ్ మీది ఆగర్‌సుండ్ అయితే చలికాలంలో హూపర్ హంసల వేటకి వెళ్ళే చోటు.

హంస అనగానే నాకు వేడ్‌బెక్ గుర్తొస్తుంది. 1975లో, కోపెన్‌హాగెన్‌కి ఉత్తరాన ఉన్న ఆ ఊళ్ళో కార్ల పార్కింగ్ కోసం నేల చదును చేస్తుంటే బోగెబాకెన్ శ్మశానం బయటపడింది. పదిహేడు సమాధుల్లో ఇరవై మందికి పైగా మనుషులున్నారు. ఎనిమిదో సమాధిలో ఇరవై ఏళ్ళు కూడా నిండని ఒక తల్లి. జింక పళ్ళతో, అడవిపంది పళ్ళతో చేసిన పూసలు ఆమె తల కింద, నడుము దగ్గర ఉన్నాయి. పక్కనే అప్పుడే పుట్టిన మగబిడ్డ. వాణ్ణి హంస రెక్క మీద పడుకోబెట్టి, నడుము దగ్గర చెకుముకి కత్తి ఒకటి ఉంచారు. ప్రసవంలో ఇద్దరూ పోయి ఉంటారు. కత్తి పట్టే వయసు వాడికి రాలేదు. అయినా ఇచ్చి పంపారు.

ఆ రెక్క ఎముకలు సమాధిలో కాక దిబ్బలో దొరికి ఉంటే నేను హంస, ఒకటి, తిండి అని రాసేదాన్ని. జాబితాలో ఏ గడిలో రాస్తున్నామో రాసే ముందు ఆలోచించాలని కొత్తవాళ్ళకి ఈ సమాధి బొమ్మ చూపించే చెబుతాను. దక్షిణ స్వీడన్‌లోని స్కేటెహోమ్‌లో లార్స్ లార్సన్ తవ్విన శ్మశానాల్లో కుక్కలకి కూడా విడిగా సమాధులున్నాయి. ఒక కుక్క వెంట జింక కొమ్ము, చెకుముకి కత్తులు పెట్టి సాగనంపారు. అదే సంస్కృతి దిబ్బల్లో కుక్కల ఎముకల మీద కోతగాట్లు కూడా కనిపిస్తాయి. రెండూ నిజమే.

మనిషి ఎముక చెప్పిన సాక్ష్యం

దిబ్బ ఎంత చెప్పినా అది పారేసినదాని లెక్క. తిన్నదాని లెక్క తిన్నవాడి ఒంట్లో ఉంటుంది. 1981లో హెన్రిక్ టౌబర్ ఈ దారి తెరిచాడు. సముద్రపు ఆహారంలో కార్బన్-13, అంటే కార్బన్‌లో కాస్త బరువైన రకం, వాటా నేల మీది ఆహారంలోకన్నా ఎక్కువ. అది తిన్నవాళ్ళ ఎముకలోని కొల్లాజెన్ అనే ప్రోటీన్‌లోకి అదే గుర్తు చేరుతుంది. దాన్ని ఒక ప్రామాణిక నమూనాతో పోల్చి, తేడాని వెయ్యికి ఇన్ని పాళ్ళు అని చెబుతారు. నేల మీది తిండి మాత్రమే తిన్న మనిషికి ఆ విలువ మైనస్ 21 దగ్గర, పూర్తిగా సముద్రపు తిండి మీద బతికినవాడికి మైనస్ 12 దగ్గర ఉంటుంది. టౌబర్ కొలిచిన మధ్యశిలాయుగపు డేనిష్ తీరవాసుల విలువలు మైనస్ 11 నుంచి మైనస్ 15 మధ్య పడ్డాయి. సీల్, చేపల మీద బతికే గ్రీన్‌లాండ్ వాసుల విలువలకి అవి దగ్గరగా ఉన్నాయి. ఆ తర్వాత వచ్చిన తొలి రైతుల విలువలు మైనస్ 20 చుట్టూ చేరాయి.

ఒక ఉదాహరణతో చేసి చూపిస్తాను. ఒక ఎముక విలువ మైనస్ 14 వచ్చిందనుకోండి. 21 లోంచి 14 తీసేస్తే 7. రెండు కొసల మధ్య దూరం 9. ఏడుని తొమ్మిదితో భాగిస్తే 78 శాతం. ఈ మనిషి తిన్న ప్రోటీన్‌లో నాలుగింట మూడు వంతులకు పైగా సముద్రం నుంచి వచ్చింది.

నేను ప్రోటీన్ అన్నాను, తిండి అనలేదు. కొల్లాజెన్‌లో ముఖ్యంగా కనబడేది ప్రోటీన్ మూలమే. హేజెల్ కాయలు, దుంపలు రోజూ కడుపునిండా తిన్నా ఈ కొలతలో అవి దాదాపు కనబడవు. మిల్నర్ బృందం 2004లో ఇదే అభ్యంతరం లేవనెత్తింది. అందులో న్యాయం ఉంది, కానీ అంత పెద్ద తేడాని అది మొత్తంగా చెరిపేయలేదనే నా అభిప్రాయం. మంచినీటి చేప ఇంకో చిక్కు. దాని కార్బన్ విలువ సముద్రపు చేపలా ఉండదు, చాలాసార్లు నేల మీది జంతువులా కనిపిస్తుంది. కాబట్టి ఎర్టెబోలె లాంటి ఊళ్ళో రోచ్ తిని బతికినవాణ్ణి కార్బన్ ఒక్కటే చూసి వేటగాడనుకునే ప్రమాదం ఉంది. పక్కన నైట్రోజన్-15, అంటే నైట్రోజన్‌లో బరువైన రకం, కూడా కొలవాలి. ఆహారపు గొలుసులో ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ అది వెయ్యికి మూడు నుంచి ఐదు పాళ్ళు పెరుగుతుంది, చేపని పట్టిస్తుంది. మనిషి ఎముకలు లేని సైట్లలో కుక్క ఎముకలతో ఈ పని నడిపించొచ్చు, ఆ కుక్క యజమాని పడేసిన మిగులే తిన్నది కాబట్టి.

చేప తిన్నవాడి వయసు ఎక్కువ చూపిస్తుంది

ఈ భాగాన్ని క్లుప్తంగా చెబుతాను కానీ వదిలేస్తే మిగతాదంతా కూలిపోతుంది. సముద్రపు నీటిలోని కార్బన్ పాతది. దాన్ని తిన్న ప్రాణులు రేడియోకార్బన్ పరీక్షలో సుమారు 400 ఏళ్ళు పాతవిగా కనిపిస్తాయి. పైన లెక్కగట్టిన 78 శాతం మనిషికి దాదాపు 310 ఏళ్ళు తగ్గించాలి. సున్నపురాయి ఉన్న ప్రాంతాల్లో మంచినీటి తేడా అంతకన్నా పెద్దది కావచ్చు, పైగా చోటుకీ చోటుకీ మారుతుంది. బెంటె ఫిలిప్సెన్ ఉత్తర జర్మనీ నదుల మీద చేసిన పని ఇది చూపింది. కుండ మాడుని పరీక్షించి, అందులో ఉడికింది నది చేప అని పట్టించుకోకపోతే కుండ పుట్టిన తేదీయే వందల ఏళ్ళు వెనక్కి జరుగుతుంది. ఏం తిన్నారో తేల్చకుండా ఎప్పుడు తిన్నారో తేల్చడం కుదరదు.

చివరి పొర

తూర్పు జట్లండ్‌లోని నోర్స్‌మిండె దిబ్బని నిలువునా కోస్తే మార్పు కంటికే కనబడుతుంది. కింద మధ్యశిలాయుగపు పొరల్లో ఆల్చిప్పలు, పైన వ్యవసాయ కాలపు పొరల్లో ఎక్కువగా కాకిల్ గుల్లలు. క్రీ.పూ. 3900 ప్రాంతంలో ఆల్చిప్పలు తగ్గిపోయాయి. నీటి ఉప్పదనం తగ్గిందని కొందరు, పాయల అడుగున ఒండ్రు పేరుకుందని మరికొందరు అంటారు. వసంతంలో ఆదుకునే తిండి పోవడం వల్లే వీళ్ళు వ్యవసాయానికి మళ్ళారని పీటర్ రౌలీ-కాన్వీ 1980ల్లో వాదించాడు. ఎంతో అందమైన వాదన. కానీ మళ్ళినవాళ్ళు వీళ్ళేనా అన్న ప్రశ్న మిగిలింది.

డెన్మార్క్‌లో దొరికిన వంద పురాతన అస్థిపంజరాల డీఎన్ఏ మీద 2024లో వచ్చిన అధ్యయనం దీనికి కొంత బదులిచ్చింది. సుమారు 5,900 ఏళ్ళ కిందటి వరకు అక్కడి వేటగాళ్ళ వంశం వేల ఏళ్ళపాటు పెద్దగా మారకుండా సాగింది. తర్వాత కొద్ది తరాల్లోనే అనటోలియా (ఇప్పటి టర్కీ) మూలాల రైతుల వంశం దాని చోటు తీసుకుంది. పాతవాళ్ళు మారారు అనడంకన్నా కొత్తవాళ్ళు వచ్చారు అనడమే ఎక్కువ నిజం.

అయితే పాతవాళ్ళు ఒక్కసారిగా మాయం కాలేదు. లోలండ్ దీవి మీది సుల్ట్‌హోమ్‌లో 5,700 ఏళ్ళ కిందట ఒక అమ్మాయి బర్చ్ చెట్టు జిగురు నమిలి ఉమ్మేసింది. 2019లో దాని నుంచి ఆమె పూర్తి జన్యుపటం తీశారు. నల్లటి ఒళ్ళు, ముదురు గోధుమరంగు జుట్టు, నీలి కళ్ళు ఉండి ఉంటాయట. చుట్టూ వ్యవసాయం మొదలైపోయిన ఆ కాలంలో ఆమెది పూర్తిగా వేటగాళ్ళ వంశం. ఆ జిగురులోనే హేజెల్ కాయ, అడవి బాతు డీఎన్ఏ కూడా దొరికాయి. విరిగిన ఎముక కాదు, పారేసిన చిప్ప కాదు, ఒక మనిషి ఈ మధ్యే తిన్నది.

కుండలు ఇంకో మాట చెబుతున్నాయి. ఆలివర్ క్రెయిగ్ బృందం 2011లో ఈ సంధికాలపు 133 పాత్రల్లోకి ఇంకిన కొవ్వుల్ని పరీక్షించింది. పశువుల పాలు, మాంసం గుర్తులు వచ్చాయి. కానీ రైతుల కాలపు కుండల్లోనూ చెప్పుకోదగ్గ సంఖ్యలో చేపల గుర్తులున్నాయి. మనిషి ఎముకలేమో రైతులు సముద్రానికి వెన్ను చూపారంటున్నాయి. ఈ రెండింటిలో ఏది అబద్ధమని నన్ను చాలామంది అడుగుతారు. రెండూ అబద్ధం కాదు. ఎముక ఒక మనిషి ఎన్నో ఏళ్ళ తిండి సగటు. చేప వారానికోసారి తింటే అది ఎముకలో లీలగా కూడా తెలియకపోవచ్చు. కుండ మాత్రం తనలో ఉడికినదాన్ని దాచుకుంటుంది, ఆ కుండలో చేప ఒక్కటే ఉడికినా సరే. పైగా మనకి దొరికే రైతుల ఎముకల్లో చాలావరకు పెద్ద రాతి సమాధుల నుంచి వచ్చినవి, తీరంలో మావులు వేసుకునేవాళ్ళ ఎముకలు ఆ సమాధుల్లో ఉన్నాయో లేదో చెప్పలేం.

ఈ కేసు చదివించాక నేను కొత్తవాళ్ళ చేత చేయించే పని ఏమిటంటే, తీరప్రాంతపు సైట్ ఏదైనా ప్రతి గడిలో ఒక మూల నుంచి నిలువు స్తంభంలా మట్టి నమూనా జల్లించకుండా మొత్తం దాచడం, మిగతాది రెండు మిల్లీమీటర్ల జల్లెడలో నీళ్ళతో జల్లించడం, మాడు ఉన్న కుండ పెంకుల్ని కడగకుండా, వేళ్ళతో తాకకుండా అల్యూమినియం రేకులో చుట్టి విడిగా పెట్టడం. శుభ్రంగా తోమిన పెంకు మ్యూజియం అద్దాల వెనక బాగానే కనిపిస్తుంది. అందులో ఏం ఉడికిందో మాత్రం ఇక ఎవరూ చెప్పలేరు.